ఉగ్రస్తంభం ఎక్కేవాళ్లకు ఎగువ అహోబిలంలో బసే మేలు

అహోబిలం వచ్చి నవ నారసింహులను దర్శించుకునేవాళ్లలో ఉగ్రస్తంభం శిఖరం దాకా వెళ్లేది కొద్దిమందే. హిరణ్యకశిపుణ్ణి సంహరించడానికి స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని నమ్మకం. కిందనుంచి చూస్తే కొండ నిలువునా చీలినట్టే కనిపిస్తుంది.

బస విషయంలో తొందరపడొద్దు. దిగువ అహోబిలంలో హరిత హోటల్, మఠం గదులు, సత్రాలు ఉన్నాయి, భోజనానికీ లోటుండదు. కానీ అక్కడినుంచి ఎగువకు 8 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఆటో కోసం ఎదురుచూస్తే చల్లటి గంట కాస్తా పోతుంది. సొంత బండి ఉంటే దిగువనే ఉండండి. లేకపోతే సౌకర్యాలు తక్కువైనా ఎగువ సత్రాల్లో పడుకోవడమే లాభం. స్వాతి నక్షత్రం రోజున, ఫాల్గుణ బ్రహ్మోత్సవాల్లో గదుల కోసం ముందే మాట్లాడుకోవాలి.

వెలుతురు రాగానే చేతికర్ర పట్టుకుని బయలుదేరాలి. భవనాశిని వాగు వెంట, బండల మీదుగా జ్వాలా నరసింహస్వామి గుడికి సుమారు 4 కిలోమీటర్లు. ఆగుతూ నడిస్తే రెండు గంటలు. డోలీలు ఇక్కడిదాకానే అనుకుని ప్లాన్ చేసుకోండి, పైదారికి అవి పనికిరావు. పదింటికి కూడా జ్వాలా చేరకపోతే శిఖరం మాట ఆరోజుకు మానుకోవాలి.

అసలు పరీక్ష ఆ పైన. మెట్లుండవు. వేర్లు, రాళ్లు పట్టుకుని ఎక్కడమే, గంట నుంచి గంటన్నర. వేసవిలో ఎండుటాకుల కింద వదులు రాళ్లు కనపడవు. అడుగు మోపాక బరువు మెల్లగా వేసి, రాయి కదలకపోతేనే రెండో కాలు ఎత్తాలి. ఎండుకొమ్మను నమ్మొద్దు, బతికున్న చెట్టు వేరునే పట్టుకోండి. ఒకరి కింద ఒకరు నిలబడితే పైవాళ్ల కాలికింది రాయి కిందివాళ్లకు తగులుతుంది, అందుకే కాస్త ఎడం పాటించాలి. శిఖరం మీద గాలి గట్టిగా వీస్తుంది, చోటు తక్కువ. అంచున ఫొటోలు వద్దే వద్దు.

దిగడానికీ ఎక్కినంత సేపే పడుతుంది, మోకాళ్లకు శ్రమ ఇంకా ఎక్కువ. నిటారు చోట్ల కొండవైపు తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాలి. మనిషికి 3 లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్, పులిహోర ఉంటే చాలు. జ్వాలా దాటాక నీళ్లు దొరుకుతాయన్న ఆశ పెట్టుకోవద్దు. చేతిలో కవరు కనపడితే కోతులు లాక్కుపోతాయి, అన్నీ జిప్పున్న సంచిలోనే పెట్టుకోండి.

తోడుకు స్థానికుణ్ణి తీసుకోవడం చాలా అవసరం. "స్తంభం కనపడేదాకా" కాదు, "శిఖరం మీది దాకా, మళ్లీ కిందిదాకా" అని స్పష్టంగా చెప్పి ధర ముందే తేల్చుకోండి. మాలోల నరసింహస్వామి దర్శనం తిరుగుదారికి ఉంచుకోండి. మధ్యాహ్నం గుడి మూసే వేళను మాత్రం ఉదయమే ఎగువ ఆలయంలో కనుక్కోవాలి. వానాకాలంలో జ్వాలా దగ్గర జలపాతం కన్నులపండువే గానీ, బండలకు పాచి పడుతుంది. శిఖరానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం.