మూతపడిన రైలు మార్గాలను వెతికేవారికి స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయ పటాల సేవ: సమీక్ష

మూతపడిన ఒక పల్లె రైలు మార్గం చరిత్రను పరిశోధించేవారికి మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న, ఆ రైలు సరిగ్గా ఏ పొలాల మీదుగా నడిచింది అన్నది. బ్రిటన్ వరకు ఆ ప్రశ్నకు స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం రుసుము లేకుండా అందిస్తున్న పాత పటాల సేవను మించినది నేను చూడలేదు. గ్రంథాలయం ఉన్నది ఎడిన్‌బరోలోనే అయినా ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాల ఆర్డ్నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) పటాలు కూడా ఇందులో ఉన్నాయి. వాటిని ఇప్పటి ఉపగ్రహ చిత్రాలతో సరిపోయేలా అమర్చి, స్లైడరు జరుపుతూ గానీ, రెండు కిటికీల్లో పక్కపక్కన పెట్టుకుని గానీ పోల్చిచూసే వీలు కల్పించారు.

ఈ సేవ ఎంతవరకు పనికివస్తుందో చూడటానికి ఇంగ్లండులోని డెవన్ కౌంటీకి చెందిన లింటన్–బార్న్‌స్టేపుల్ మార్గాన్ని ఎంచుకున్నాను. దాదాపు రెండడుగుల గేజి (పట్టాల మధ్య ఎడం) గల ఈ 19 మైళ్ల లైనుకు 1895లో పార్లమెంటు అనుమతి లభించింది; 1898 మేలో రైళ్లు మొదలయ్యాయి; 1923లో బ్రిటన్‌లోని సదరన్ రైల్వే కంపెనీ చేతికి వచ్చి, 1935 సెప్టెంబరు 29న మూతపడింది. 1979లో ఏర్పడిన ఔత్సాహికుల సంఘం వుడీ బే స్టేషనును కొని, 2004 నుంచి అక్కడ కొద్ది దూరం మళ్లీ ఆవిరి రైళ్లు నడుపుతోంది. మిగిలిన మార్గంలో అధిక భాగం పొలాల్లో, పొదల్లో కలిసిపోయింది కనుక, పరిశోధకుడికి పటమే ప్రధానమైన ఆధారం.

మైలుకు 25 అంగుళాల పటం ఈ పనికి ప్రాణం వంటిది. ఆ కొలతలో ప్రతి పొలానికీ సంఖ్య, విస్తీర్ణం ఉంటాయి. రైలు కట్ట, కోత (పట్టాల కోసం గుట్టను తవ్విన దారి), వంతెన, సిగ్నలు స్తంభం, మైలురాయి వేర్వేరుగా గుర్తించి ఉంటాయి. చెల్ఫమ్ దగ్గర దాదాపు 70 అడుగుల ఎత్తున ఎనిమిది కమానులతో నేటికీ నిలిచి ఉన్న వయాడక్టు (లోయ దాటించే పొడవాటి వంతెన) నుంచి మొదలుపెట్టి, స్లైడరు జరుపుతూ లింటన్ వైపు సాగితే, నేటి కంచెల వరుసల్లో ఏది పాత రైలు హద్దో తెలుస్తూ పోతుంది. బ్రాటన్ ఫ్లెమింగ్ దాటాక పాత పటంలో లైను ఉన్న చోట ఉపగ్రహ చిత్రంలో నీళ్లు కనిపిస్తాయి. అది 1956లో పూర్తయిన విస్ట్లండ్‌పౌండ్ రిజర్వాయరు. ఆ మలుపు నీటి కింద ఎటు తిరిగిందో పేజీల కొద్దీ వర్ణన చదివినా ఇంత స్పష్టంగా బోధపడదు. చెట్లు కమ్మిన చోట ఉపగ్రహ చిత్రం చేతులెత్తేస్తుంది గానీ, నేల ఎత్తుపల్లాలను చూపే లైడార్ పొరను ఎంచుకుంటే ఆకుల అడుగున దాగిన కట్టలు, కోతలు కూడా తేలివస్తాయి. నా దృష్టిలో ఈ సేవలో అన్నిటికంటే విలువైనది ఈ పొరే.

అయితే సంవత్సరాల విషయంలో వాడేవారు చాలా జాగ్రత్తగా ఉండాలి. వేర్వేరు ఏళ్లలో సవరించిన పటాలను అతికించి ఒకే పొరగా చూపుతారు. పొర పేరులో 1892–1914 వంటి విస్తృతమైన వ్యవధి మాత్రమే ఉంటుంది. మనం చూస్తున్న పటాన్ని ఏ సంవత్సరంలో కొలిచారో, ఎప్పుడు అచ్చువేశారో తెలియాలంటే దాని అసలు ప్రతిని తెరిచి అంచులో చదువుకోవడం మేలు. సర్వేకూ ముద్రణకూ మధ్య కొన్నేళ్ల తేడా ఉండటం మామూలే. రెండు సవరణల మధ్య కాలంలోనే పుట్టి, మూతపడిన చిన్న లైను ఏ పటంలోనూ కనబడకపోవచ్చు కూడా. పటంలో లేదు కనుక లైనే లేదని తీర్మానించడం పొరపాటు. మన నౌపడా–గుణుపూర్ మార్గం 2004 దాకా నారో గేజిగా ఉన్న రోజుల గురించి వెతికేవారు కూడా సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల అంచులను ఇంతే శ్రద్ధగా చదవాలి.

పటం చోటు చెబుతుంది గానీ కారణం చెప్పదు. లింటన్ మార్గంలోని పారకూంబ్ వద్ద కట్ట 1952 ఆగస్టు వరదలో తెగిందన్న సంగతి గానీ, 1936లో ఓడెక్కి బ్రెజిల్ చేరిన ఆ మార్గపు 'ల్యూ' ఇంజను వ్యవహారం గానీ ఇక్కడ దొరకవు. వాటికి నాటి పత్రికలను, లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న జాతీయ అభిలేఖాగారంలో ఉన్న రైల్వే దస్త్రాలను ఆశ్రయించక తప్పదు.

చిన్న ఫోను తెరపై రెండు కిటికీల పద్ధతి ఇరుకుగా ఉంటుంది కాబట్టి కంప్యూటరు మీదే వాడటం మేలు. క్షేత్ర పర్యటనకు ముందు ఒక సాయంత్రం ఈ పటాలతో గడిపితే ఎక్కడ ఆగాలో, ఏ కంచె దగ్గర భూయజమాని అనుమతి అడగాలో ముందే తేల్చుకోవచ్చు. కర్సరు నిలిపిన చోట ఆ పటం సర్వే సంవత్సరం వెంటనే కనబడేలా చేస్తే, ఈ సేవ నుంచి నేను కోరుకునేది మరేమీ ఉండదు.