స్విఫ్ట్‌కు కొత్త టైర్లు: మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ

అద్దె కార్లు నడిపేవారిని ఏ టైరు మంచిదని అడిగితే ఎంఆర్‌ఎఫ్ జెడ్‌వీటీవీ అనో, అపోలో అమేజర్ అనో చెబుతారు. త్వరగా అరగకపోవడం, ఏ ఊళ్లోనైనా అదే సైజు దొరకడం వారికి ముఖ్యం కనుక వారి లెక్క సరైనదే. కానీ ఊళ్లో ఆఫీసుకూ, అప్పుడప్పుడూ హైదరాబాదుకూ మాత్రమే కారు తీసే కుటుంబానికి ఆ లెక్క వర్తించదు; అటువంటి బండికి ట్రెడ్ (రోడ్డుకు తగిలే గాళ్ల భాగం) అరిగేలోపే రబ్బరు గట్టిపడి, పగుళ్లు తేలి, టైరు వయసు మీరిపోతుంది. ఎలాగూ వాడుకోని మన్నికకు బదులు నిశ్శబ్దాన్నీ, తడి రోడ్డు మీద పట్టునూ కొనుక్కోవడం మేలనిపించి, మా స్విఫ్ట్‌కు విజయవాడ ఆటోనగర్‌లో మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ వేయించాను.

తేడా ముందు చెవికే తెలిసింది. నందిగామ దాటాక గరుకు రోడ్డు వచ్చినప్పుడల్లా పాటల శబ్దం పెంచుకోవలసి వచ్చేది. ఇప్పుడు వెనుక సీటులోవారు మామూలు గొంతుతో మాట్లాడినా ముందుకు వినిపిస్తోంది. జోరువానలో బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు కూడా బండి పక్కకు లాగకుండా తిన్నగా ఆగింది. ధర మాత్రం దేశీయ బ్రాండ్ల కంటే ఎక్కువే. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కనుక అంతకుముందు విన్న ధరలతో పోల్చుకోవద్దు.

కొనేటప్పుడు టైరు పక్క గోడపై (సైడ్‌వాల్) ‘డాట్’ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివరనున్న నాలుగు అంకెలను తప్పక చదవాలి; 1425 అంటే 2025లో 14వ వారంలో తయారైనదని అర్థం. నాకు మొదట తెచ్చి చూపిన నాలుగింటిలో రెండు, మిగతా వాటికంటే ఏడాదికి పైగా పాతవి. అడగగానే మారు మాట లేకుండా మార్చారు, అడగకపోతే అవే బిగించేవారేమో.

మా కారు సైజు 185/65 ఆర్15 88హెచ్. చివరి 88హెచ్ అంటే ఒక్కో టైరు 560 కిలోల బరువునూ, గంటకు 210 కిలోమీటర్ల వేగాన్నీ తట్టుకోగలదు. ఇంకాస్త వెడల్పైన 195/65 వేస్తే బండి నిండుగా కనిపిస్తుందని షాపులో నచ్చజెప్పబోయారు గానీ, దానివల్ల టైరు వ్యాసం 13 మిల్లీమీటర్లు పెరిగి, స్పీడోమీటరు మునుపటికంటే రెండు శాతం తక్కువ చూపుతుంది. అందుకే ఒప్పుకోలేదు.

బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, కొత్త వాల్వులు అదే రోజు చేయించడం మంచిది. డబ్బు రెండు టైర్లకే సరిపోతే, ముందు చక్రాలే ఎక్కువ అరుగుతాయని అక్కడే వేయబోయినా, కొత్తవాటిని వెనుకకు వేయమని పట్టుబట్టండి. వానలో వెనుక చక్రాలు పట్టు తప్పితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని స్టీరింగుతో అదుపు చేయడం అనుభవం ఉన్న డ్రైవర్లకూ కష్టమే.