అక్కర్లేని యాప్‌లు: ఆపి ఉంచాలా, స్క్రిప్టుతో తీసేయాలా, రూట్ చేయాలా?

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. పొద్దున్నే టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పించి, నమూనా కాయలు ఫోటో తీసి, కొనేవాళ్లకు వాట్సాప్‌లో పంపుతాడు. సరుకు పోటెత్తే ఫిబ్రవరిలో ఆయన ఫోను స్థలం చాలదని మొరాయించింది. 64 జీబీ ఫోను. విప్పి చూస్తే, ఆయన ఎన్నడూ తెరవని యాప్‌లు రెండు డజన్లకు పైగా ఉన్నాయి: మూడు ఆటలు, రెండో బ్రౌజరు, థీముల దుకాణం, లాక్ తెర మీద రోజుకో ప్రకటన చూపించేది ఒకటి. "నేను కొన్నది ఫోనా, వాళ్ల గోడా?" అన్నాడు బాబాయి.

ఆటలు మామూలుగానే అన్‌ఇన్‌స్టాల్ అయ్యాయి. మిగిలినవాటికి దారులు మూడు.

మొదటిది సెట్టింగులలో 'డిజేబుల్' నొక్కడం. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు కానీ, నా లెక్కలో దీనికి దక్కాల్సిన గౌరవం దక్కలేదు. నొక్కగానే, ఫ్యాక్టరీలో వేసిన పాత రూపానికి వెళ్లి డేటా పోతుంది, సరేనా అని ఫోను అడుగుతుంది. సరేనంటే ఇన్నాళ్లుగా పేరుకున్న అప్‌డేట్లు, డేటా పోయి ఆ మేరకు చోటు తిరిగి వస్తుంది. మనసు మారితే, కేబులూ కంప్యూటరూ లేకుండా అదే చోట మళ్లీ నొక్కితే చాలు. చిక్కల్లా ఒకటే: మనం పంపేయాలనుకునే యాప్‌ల దగ్గరే ఆ మీట వెలిసిపోయి ఉంటుంది. బాబాయి ఫోనులో థీముల దుకాణానికీ లాక్ తెర ప్రకటనలకూ అది పనిచేయలేదు.

2022 అక్టోబరులో భారత పోటీ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసినప్పుడు, ముందే వేసి ఇచ్చిన తన యాప్‌లను జనం తీసేసుకుంటామంటే గూగుల్ అడ్డుపడకూడదని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలిపి, ఈ ఆదేశాన్ని కొట్టేసింది. కాబట్టి ఆ మీట కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కుదరదు.

రూట్ చేయడమంటే ఫోను సిస్టమ్ మీద పూర్తి అధికారం చేజిక్కించుకోవడం. దాని సంగతి త్వరగా తేల్చేస్తాను. బ్రాడీపేటలో ఒక ఫోన్ల దుకాణం కుర్రవాడు "రూట్ కొట్టి శుభ్రంగా తుడిచేస్తానండీ" అన్నాడు. నిజమే, సిస్టమ్ భాగంలోంచి యాప్‌ను వేళ్లతో సహా పీకాలంటే రూటే దారి. కానీ దానికి ముందు బూట్‌లోడర్, అంటే ఫోను ఆన్ కాగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే భాగం, తాళం తీయాలి. తీస్తే ఫోనులోని డేటా అంతా చెరిగిపోతుంది. ఆ తరువాత చాలా బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు ఆ ఫోనును నమ్మవు. శామ్‌సంగ్ ఫోన్లలోనైతే నాక్స్ అనే భద్రతా ఏర్పాటు గుర్తు ఒకసారి కాలితే, తరువాత ఎన్ని చేసినా వెనక్కి రాదు. యార్డులో రోజంతా డబ్బు ఫోను మీదే నడిపే మనిషికి ఇది ఎలుకల కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఇక స్క్రిప్టు, అంటే కంప్యూటరు నుంచి ఫోనుకు ఆదేశాలు వరసగా ఇచ్చే చిన్న ఫైలు. ఫోను వివరాల్లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తట్టి డెవలపర్ ఆప్షన్లు తెరిచి, కంప్యూటరు ఆదేశాలను ఫోను వినేలా చేసే యూఎస్‌బీ డీబగ్గింగ్ పెట్టి, ల్యాప్‌టాప్‌కు తగిలించాను. ఫోను కనిపించలేదు. అరగంట డ్రైవర్లతో కుస్తీ పట్టాక తెలిసింది, ఆ కేబులు ఛార్జింగుకు తప్ప డేటాకు పనికిరాదని. ఇంకో కేబులు పెట్టగానే ఈ కంప్యూటరును అనుమతించాలా అని బాబాయి ఫోను అడిగింది.

ఇంటర్నెట్‌లో దొరికే ఇలాంటి స్క్రిప్టుల పని రెండు భాగాలు. ముందు ఒక్కో యాప్ ఫైలునూ కంప్యూటరులోకి లాగి దాచడం, తరువాత ఏడీబీ (కంప్యూటరు నుంచి ఆండ్రాయిడ్ ఫోనును నడిపే సాధనం) ఆదేశంతో యూజర్ సున్నాకు, అంటే ఫోను అసలు యజమానికి, ఆ యాప్‌ను తీసేయడం. వాడే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవండి, అది మామూలు టెక్స్టు ఫైలే. నేను దించుకున్నదాంట్లో రెండు తప్పులు కనిపించాయి. ఇప్పటి యాప్‌లు చాలా వాటికి ఒకే ఫైలు ఉండదు, ముక్కలుగా ఉంటాయి. ఆ స్క్రిప్టు మొదటి ముక్కను మాత్రమే లాగుతోంది, అలాంటి కాపీ రేపు తిరిగి ఎక్కదు. రెండోది, కాపీ సరిగా దిగిందో లేదో చూడకుండానే తీసివేతకు దిగుతోంది.

ఆ రెండూ సరిచేస్తున్నప్పుడే అసలు విషయం తట్టింది. ఈ పద్ధతిలో తీసేసిన యాప్ మూలప్రతి సిస్టమ్ భాగంలో అలాగే ఉంటుంది, మనకు కనబడదంతే. 'ఉన్నదాన్నే మళ్లీ ఎక్కించు' అనే ఒక్క ఆదేశంతో తిరిగి వస్తుంది, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అన్నీ వాటంతటవే వస్తాయి. అంటే మనం కష్టపడి దాచుకున్నది ఎక్కడికీ పోని వస్తువును! పోయేది యాప్ లోపలి డేటా. దాన్ని ఈ స్క్రిప్టు దాచదు, రూట్ లేకుండా చాలా యాప్‌లకు దాచడం కుదరదు కూడా. నోట్స్ యాప్‌లో బాబాయి రాసుకున్న రైతుల బాకీల లెక్క అలాంటిదే. దాన్ని ముందే వాట్సాప్‌లో నాకు పంపించుకున్నాను. మూలప్రతి కదలదు కాబట్టి అది ఆక్రమించిన చోటూ తిరిగి రాదు. గిగాబైట్లు మిగులుతాయని స్క్రిప్టు జోలికి వెళ్తే నిరాశే. ప్రకటనలు, వెనక నడిచే పనులు ఆగుతాయి, అదే లాభం.

అయినా మీట వెలిసిపోయిన యాప్‌లకు నేను స్క్రిప్టే మేలంటాను, అదీ దాని వెంట ఉండే జాబితా కోసం. తీసేయాల్సినవి ఒక ఫైలులో, వరుసకో పేరు. తాలు కాయలు ఏరినట్టు, ఒక్కో పేరూ దేనిదో వెతికి తెలుసుకుని మరీ రాశాను. వేరే మోడల్ కోసం ఎవరో రాసిన జాబితాను తెచ్చి నడపడం మాత్రం వద్దు. సిస్టమ్‌కు ప్రాణాధారమైనది ఒక్కటి అందులో ఉన్నా ఫోను తెరుచుకోకుండా తిరిగి తిరిగి మొదలవుతూ ఉంటుంది.

అంత జాగ్రత్త పడ్డా ఒకటి తప్పాను. గూగుల్ ఫోటోలు ఉంది కదా అని కంపెనీ గ్యాలరీని కూడా జాబితాలో చేర్చాను. నల్ల తెర మీద వరసగా 'సక్సెస్' అని పడుతుంటే ముచ్చటేసింది. మర్నాడు పొద్దున ఏడింటికి యార్డు నుంచి ఫోను.

"ఒరేయ్, తేజ కాయ ఫోటో తీశాను. మూలన ఉన్న చిన్న బొమ్మ నొక్కితే ఏమీ రావడం లేదు. పార్టీ ఇక్కడే నిలబడి ఉన్నాడు."

ఆయన కెమెరా, తీసిన ఫోటోను తన కంపెనీ గ్యాలరీలోనే తెరుస్తుందట. ఆ యాప్‌ను సెట్టింగులలో ఆపి ఉంటే ఫోనులోనే చెప్పి సరిచేయించేవాణ్ని. ఇప్పుడు ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని, కేబులు పట్టుకుని, బండి మీద యార్డుకు పరుగెత్తాను. మిర్చి ఘాటుకు తుమ్ముతూ ఒక్క ఆదేశం కొట్టాను, పది సెకన్లలో గ్యాలరీ వచ్చింది. దాచుకున్న ఫైళ్లలో ఒక్కటీ వాడలేదు, జాబితాలో పేరు చూసుకున్నానంతే. వెంటనే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపేశాను, అది తెరిచి ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు పేచీ పెడతాయి.

మూడు నెలల తరువాత పెద్ద సిస్టమ్ అప్‌డేట్ వచ్చి, పంపేసినవాటిలో ఆరు తిరిగి వచ్చాయి. అదే జాబితాను మళ్లీ నడిపాను, రెండు నిమిషాల పని. గ్యాలరీ పేరు ముందు మాత్రం # పెట్టి, దాన్ని స్క్రిప్టు ముట్టుకోకుండా చేశాను.