హాలోవీన్ ‘లిమిటెడ్ ఎడిషన్’ బాడీ కేర్ సెట్లు కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఇది చదవండి

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు, ముఖ్యంగా పిల్లల టీచర్లకూ ఆఫీసులో వాళ్ళకూ ఇవ్వడానికి హాలోవీన్ గిఫ్ట్ సెట్లు ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవాళ్ళకు ఈ హెచ్చరిక. ఒక పెద్ద ఆన్‌లైన్ మార్కెట్‌లో బయటి సెల్లర్ దగ్గర నేను కొన్న సెట్లలో పాత సరుకు మీద కొత్త స్టిక్కర్ అంటించి పంపారు. డబ్బు చివరికి వెనక్కి వచ్చింది. కానీ ఆ లోషన్ రాసుకున్న మా తోడికోడలి చేతికి దద్దుర్లు లేచి చాలా బాధపడింది. మీ ఇంట్లో ఇది జరగకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్రకటనలో చూపించిన సెట్ నిజంగా బాగుంది. శవపేటిక ఆకారంలో ఊదారంగు డబ్బా, అందులో బాడీ వాష్, లోషన్, బాడీ మిస్ట్, గుమ్మడికాయ ఆకారంలో బాత్ బాంబులు, చీకట్లో వెలిగే బాడీ బటర్. ‘ఫుల్ సైజ్’ అని స్పష్టంగా రాశారు. పక్కనే ఎర్ర అక్షరాల్లో ‘ఇక కొన్నే మిగిలాయి’ అని, కింద టైమర్. తర్వాత మా ఆయన ఫోన్‌లో అదే పేజీ తెరిస్తే ఆ టైమర్ మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. అంటే అది స్టాక్ లెక్క కాదు, మనకు టెన్షన్ పెట్టి తొందరగా కొనిపించడానికి పెట్టినది. ఇలాంటి టైమర్ కనిపిస్తే ఆ పేజీ మూసేసి ఇంకో ఫోన్‌లో తెరిచి చూడండి, విషయం అక్కడే తెలిసిపోతుంది.

వచ్చిన డబ్బా పైకి ఫోటోలో ఉన్నట్టే ఉంది. రిబ్బన్, సాలెగూడు బొమ్మ, అన్నీ ఉన్నాయి. సీసాలు ప్లాస్టిక్ ట్రేలో మెడ వరకూ దిగి ఉంటాయి కాబట్టి ఎంత పొడవున్నాయో పైనుంచి తెలియదు. ట్రే ఎత్తి చూస్తే అడుగంతా ఉండలు చుట్టి కుక్కిన కాగితం. దాని మీద నిలబెట్టిన సీసాలు తీస్తే ఒక్కోటి నా అరచేతిలో ఇమిడిపోయింది. ఇక్కడ ఫుల్ సైజ్ లోషన్ అంటే మామూలుగా 8 ఔన్సులు, దాదాపు 236 మిల్లీలీటర్లు. వీటిలో ఉన్నది 2.5 ఔన్సులు, అంటే 74 మిల్లీలీటర్లు. వాష్, లోషన్, మిస్ట్ మూడూ కలిపినా ఒక్క మామూలు సీసాకు సరిపోవు.

లోషన్ సీసా వెనక ఉన్న తెల్ల స్టిక్కర్ అంచు కొంచెం లేచి ఉంది. గోటితో మెల్లగా లాగితే కింద అసలు లేబుల్ బయటపడింది. దాని మీద రెండేళ్ళ కిందటి హాలోవీన్ సంవత్సరం అచ్చయి ఉంది. మూత తీసి నొక్కితే ముందు పసుప్పచ్చని నీళ్ళు కారాయి, ఆ తర్వాత విరిగిన పాలలా ముద్దలు ముద్దలుగా వచ్చింది. దాల్చినచెక్క, లవంగం వాసన వెనకాలే ముక్కిపోయిన నూనె వాసన. నేను ఇంకా మిగతావి తెరవకముందే ఒక సెట్ మా తోడికోడలికి చేరింది. ఆమె సీసాలో లోషన్ చూడ్డానికి బాగానే ఉందట. మోచేతి దాకా రాసుకుంటే సాయంత్రానికి ఎర్రగా దద్దుర్లు, దురద. డాక్టరు చూసి ఇది సువాసన కోసం కలిపే పదార్థాల వల్ల అయి ఉండొచ్చన్నారు. పంప్‌కిన్ స్పైస్ రకం వాసనల్లో దాల్చినచెక్కకూ లవంగానికీ ఆ ఘాటునిచ్చే పదార్థాలు ఉంటాయి, అవి కొంతమంది చర్మానికి అస్సలు పడవు. లేబుల్ చూసి తెలుసుకుందామన్నా కుదరదు. అమెరికా నిబంధనల ప్రకారం సువాసన ద్రవ్యాలన్నిటినీ కలిపి ‘ఫ్రాగ్రెన్స్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టవచ్చు.

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. లోషన్లు, సబ్బులు, బాడీ మిస్టుల్లాంటి వాటిని మార్కెట్లోకి రాకముందు ఎఫ్‌డీఏ (ఆహారం, మందులు, కాస్మెటిక్స్ వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) పరీక్షించి అనుమతి ఇవ్వదు. వాటి మీద ఎక్స్‌పైరీ తేదీ వేయాలన్న నియమం కూడా లేదు. మూత తెరిచిన డబ్బీ బొమ్మ, అందులో 12 ఎం అని ఉంటే తెరిచిన తర్వాత పన్నెండు నెలలు వాడుకోవచ్చని మాత్రమే అర్థం, తయారై ఎన్నాళ్ళయిందో అది చెప్పదు. అందుకే ఒక సీజన్ కోసం చేసి అమ్ముడుపోక మిగిలిన సెట్లు ఇలాంటి సెల్లర్ల చేతికి వచ్చి, మరుసటి ఏడు కొత్తవాటిలా తిరుగుతున్నాయి.

అయితే లేబుల్ మీద కొన్ని తప్పనిసరిగా ఉండాలి: ఎంత పరిమాణమో, ఏమేం కలిపారో, తయారుచేసిన లేదా పంపిణీ చేసే కంపెనీ పేరు, ఊరు. 2022లో వచ్చిన కొత్త కాస్మెటిక్స్ చట్టం వల్ల, 2024 డిసెంబరు 29 నుంచి, వాడి ఇబ్బంది పడితే చెప్పుకోవడానికి అమెరికా చిరునామా గానీ ఫోన్ నంబరు గానీ వెబ్‌సైటు గానీ కూడా వేయాలి. నాకు వచ్చిన స్టిక్కర్ మీద సెట్ పేరు, పరిమాణం తప్ప ఏమీ లేదు. మీకు వచ్చిన సీసా మీద ఇవి లేకపోతే దాన్ని ఒంటికి తగలనివ్వకండి.

చీకట్లో వెలిగే బాడీ బటర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కాస్మెటిక్స్‌లో చీకట్లో వెలిగే రంగుగా ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది జింక్ సల్ఫైడ్ రకం ఒక్కటే. అదీ ముఖానికి వేసే మేకప్‌లో, గోళ్ళరంగులో, బరువులో పది శాతం మించకుండా, ఎప్పుడో ఒకసారి వాడడానికి మాత్రమే. ఒళ్ళంతా పూసుకునే బటర్ ఆ లెక్కలోకి రాదు. పిల్లలు వీటికి ఎగబడతారు కాబట్టి దయచేసి వాళ్ళ బుట్టల్లో పెట్టకండి. మామూలు లోషన్ అయినా సరే, రెండు రోజుల ముందు చేతి మీద కొంచెం రాసి చూడండి.

రిటర్న్ అడిగితే సెల్లర్ ‘ఇది హైజీన్ ఐటమ్, ఫైనల్ సేల్’ అన్నాడు. ఈలోగా ప్రకటనలో ‘ఫుల్ సైజ్’ అన్న మాట మాయమై, అడుగున చిన్న అక్షరాల్లో 2.5 ఔన్సులు అని చేరింది. కొనేముందు తీసిన స్క్రీన్‌షాట్, డబ్బా తెరుస్తూ తీసిన ఫోటోలు, స్టిక్కర్ కింద లేబుల్ ఫోటో నా దగ్గర ఉండబట్టి క్రెడిట్ కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టగలిగాను. చెప్పినట్టు సరుకు పంపకపోతే కార్డు బిల్లు మీద అభ్యంతరం చెప్పే హక్కు మనకు చట్టంలోనే ఉంది, కానీ ఆ బిల్లు బ్యాంకు పంపిన 60 రోజుల్లోపు మన అభ్యంతరం రాతపూర్వకంగా బ్యాంకుకు చేరాలి. హాలోవీన్ సెట్లు ఆగస్టులోనే కొని అక్టోబరు చివరి దాకా అలమరలో దాచేవాళ్ళు చాలామంది. అప్పుడు తెరిచి చూస్తే గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. రాగానే తెరవండి, గిఫ్ట్ అయినా సరే.

మన వాట్సాప్ గ్రూపుల్లో ‘సెట్లు ఉన్నాయి, జెల్‌లో పంపండి’ అని పెట్టేవాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త. జెల్ (Zelle) అంటే బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా డబ్బు పంపే పద్ధతి, అందులో మనంతట మనం పంపిన డబ్బు వెనక్కి రప్పించుకోవడం చాలా కష్టం. వాళ్ళలో చాలామంది మంచివాళ్ళే, అయినా సీసా వెనక వైపు, అడుగు భాగం ఫోటోలు అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

నాకు ఎక్కువ భయం కలిగేది ఇండియా ప్రయాణాల విషయంలో. ఇక్కడ తగ్గింపులో దొరికిన లోషన్లు, మిస్టులు సూట్‌కేసుల్లో నింపి అమ్మకూ అత్తయ్యకూ పిన్నులకూ తీసుకెళ్తాం. వాళ్ళు ‘అమెరికా లోషన్’ అని అపురూపంగా దాచి, నెలల తర్వాత ఎండాకాలంలో తీస్తారు. అప్పటికే పాతబడ్డ లోషన్ విజయవాడ ఎండలో ఏమవుతుందో ఆలోచించండి. దద్దుర్లు వస్తే పెద్దవాళ్ళు మనకు చెప్పను కూడా చెప్పరు.

నవంబరు 1 నుంచి చాలా షాపుల్లో మిగిలిన హాలోవీన్ సరుకు సగం ధరకో ఇంకా తక్కువకో వచ్చేస్తుంది, కాబట్టి మీ కోసమే అయితే ఆగండి. బహుమతికి ముందే కావాలంటే ఆ బ్రాండ్ సొంత షాపులోనో సొంత వెబ్‌సైటులోనో కొనండి. ఆన్‌లైన్ మార్కెట్లలో ఏడాదికి 20,000 డాలర్లకు పైగా కొత్త సరుకు అమ్మే పెద్ద సెల్లర్లు పేరు, చిరునామా కొనేవాళ్ళకు చూపించాలని 2023 జూన్ నుంచి చట్టం ఉంది. అన్నేసి రివ్యూలు ఉండి చిరునామా మాత్రం కనిపించని సెల్లర్‌ను వదిలేయండి.

మోసాన్ని ఎఫ్‌టీసీకి (వినియోగదారులకు జరిగే మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ), దద్దుర్ల సంగతి ఎఫ్‌డీఏకు రిపోర్ట్ చేశాను. రెండూ ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. నాకు సరుకు అమ్మిన పేరు ఇప్పుడు ఆ మార్కెట్‌లో లేదు, కానీ అదే ఊదారంగు డబ్బా ఫోటో వేరే పేరుతో మళ్ళీ కనిపిస్తోంది. మీలో ఎవరైనా ఇప్పటికే ఆర్డర్ పెట్టి ఉంటే ప్రకటన స్క్రీన్‌షాట్ ఈరోజే తీసిపెట్టుకోండి. సెట్ ఇంటికి రాగానే ముందు ట్రే ఎత్తి చూడండి.