నడకదారికి కోటింగ్ వేయించాలనుకునేవాళ్లు ఇది చదవండి

ఒళ్లు మండిపోతోంది, అందుకే వెంటనే రాస్తున్నాను. ఫోన్ చేయగానే వచ్చి 'ఫ్రీ ఇన్‌స్పెక్షన్' చేస్తామనే కాంక్రీట్ రిపేర్ బాపతు మీకూ తెలిసే ఉంటుంది. ఇంటి ముందు నడకదారి పెచ్చులూడుతోందని వాళ్లనే పిలిచాం. వచ్చినతను వంగనైనా వంగలేదు. నిలబడే నాలుగు ఫోటోలు తీసి, "ఎండకీ వానకీ అరిగింది సార్, కోటింగ్ వేస్తే ఇక చూడక్కర్లేదు" అన్నాడు. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నాడు.

కొన్నాళ్లకే కోటింగ్ లేచిపోయింది. ఒక ముక్క తిప్పి చూస్తే వెనక బూడిదరంగు సిమెంట్ పొర అతుక్కునే ఉంది. అంటే కోటింగ్ పట్టు వదల్లేదు, కింద కాంక్రీటే చీలి ఊడొచ్చింది. ఆ ముక్క అతని చేతిలో పెడితే ఏమన్నాడో తెలుసా? "చూశారా, మా మెటీరియల్ గట్టిదే. మీ కాంక్రీటే వీక్."

ఆ మాట మొదటిరోజే చెప్పాలి కదా! అది చూడమనే కదా పిలిచింది! అదే అడిగితే, "మీరేమైనా ఇంజనీరా?" అని మొహం మీదే నవ్వి బండెక్కి వెళ్లిపోయాడు. డబ్బు పోయినదానికన్నా ఆ నవ్వుకే ఎక్కువ కోపంగా ఉంది.

తర్వాత తెలిసిన సివిల్ ఇంజనీర్ ఒకరు వచ్చారు. కింద కూర్చుని మేకుతో గీస్తే పిండి రాలింది. సుత్తితో తడుతూ పోతే కొన్నిచోట్ల ఖంగుమంది, కొన్నిచోట్ల డొల్లగా మోగింది. కాంక్రీట్ పోశాక పైకి తేలిన నీరు ఆరకముందే తాపీతో రుద్ది నున్నగా చేసేస్తే ఇలాగే అవుతుందట. ఆ నీరు కలిసిపోయి పైపొర బలహీనపడుతుంది, కింద చిక్కుకున్నచోట పొర విడిపోతుంది. డొల్లగా ఉన్నంతమేరా చెక్కేసి, గట్టి కాంక్రీట్ తగిలాకే ప్యాచ్ వేయాలి. అలా చెక్కకుండా పైన ఏ కోటింగ్ పూసినా దండగే.

అన్ని పెచ్చులూ ఒకటి కావు. వలలా అల్లుకున్న సన్నని పగుళ్లు సాధారణంగా పైపైనే ఉంటాయి, చూడ్డానికి బాగోవంతే. చిన్న గుంట పడి అడుగున పగిలిన రాయి కనిపిస్తే లోపం కంకరది. మంచు పడే ప్రాంతాల్లో ఉప్పు చల్లడం వల్ల లేచే పెచ్చులు వేరు. చూడకుండానే వీటన్నిటికీ ఒకే డబ్బా అమ్ముతున్నారు!

సుత్తి, మేకు తీయనివాళ్లకి పైసా ఇవ్వకండి. పాడవడానికి కారణమేంటో కాగితం మీద రాసిమ్మనండి. పెద్ద పనైతే కోర్ (కాంక్రీట్‌లోంచి గుండ్రంగా కోసి తీసే ముక్క) తీయించి ల్యాబ్‌కి పంపండి.