డిస్కు చెక్కించాలా, కొత్తది వేయించాలా?

బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది, బ్రేకు డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు) లేత్ మీద చెక్కిస్తే చాలా, కొత్తవే కొనాలా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. పోయిన నెల నా కారుకూ అదే తిప్పలు. హన్మకొండ నుంచి జనగామ వైపు 80లో పోతూ బ్రేకు వేస్తే చేతుల్లో స్టీరింగ్ గజగజలాడింది. బ్రేకు వదిలితే ఏమీ లేదు. అంటే వీల్ బ్యాలెన్సింగ్ గొడవ కాదు.

"లేత్ పడితే సాఫ్ అయితదన్నా, కొత్తయి ఎందుకు?" అన్నాడు మెకానిక్. ఖర్చు బాగా తక్కువ, సాయంత్రానికి బండి చేతికొస్తుంది. నేనూ ముందు అటే మొగ్గాను.

చక్రం విప్పి డిస్కు అంచున తుప్పు గీకితే అచ్చు కనిపించింది: 20 మిల్లీమీటర్లు. అంతకన్నా పలచబడితే వాడకూడదని అర్థం. కొత్తలో డిస్కు మందం 22. మైక్రోమీటరుతో చుట్టూ ఎనిమిది చోట్ల కొలిస్తే అన్నిటికన్నా పలచనిచోట 20.5 వచ్చింది. లేత్ మీద అటు 0.3, ఇటు 0.3 తీస్తే మిగిలేది 19.9. ఇక బేరమే లేదు. నా లెక్కలో ఏది మేలో తేల్చేది రేటు కాదు, ఈ అంకె. పలచటి డిస్కు తొందరగా వేడెక్కుతుంది. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టు సడలితే, మిగిలిన డబ్బులు ఏం చేసుకుంటాం? అదే 21.3 ఉంటే నేనైనా చెక్కించేవాణ్నే. మామూలు వెర్నియర్‌తో మాత్రం కొలవకండి. అంచున అరగకుండా మిగిలిన గట్టు అడ్డం తగిలి ఎక్కువ చూపిస్తుంది.

ఏది చేయించినా హబ్ ముఖం, అంటే డిస్కు వెనక ఆనుకునే భాగం, తోమించకపోతే దండగే. అందరూ "డిస్కు వంగింది" అంటారు గానీ, నిజంగా వంగడం అరుదు. హబ్ మీద తుప్పు పెచ్చు ఉన్నా, టైర్ల షాపులో గన్‌తో నట్లు ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా బిగించినా డిస్కు వెంట్రుకవాసి ఒరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఒకేచోట, దాన్ని నొక్కి ఆపే బ్రేకు ప్యాడ్‌కు రాసుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకు మందంలో తేడా వచ్చి వణుకు మొదలవుతుంది. మిల్లీమీటరులో వందో వంతులు రెండు మూడు చాలు. నా బండి హబ్ మీద వైర్ బ్రష్ పెడితే ఎర్రటి పొడి రాలింది. నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి చూపే పానా) బిగించమనండి. ఎంత బిగించాలో బండి పుస్తకంలోనే ఉంటుంది.

ఇంకోటి, గట్టిగా బ్రేకు వేసి ఆపాక పెడల్ అలాగే నొక్కి ఉంచితే వేడి ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడుతుంది. మేడారం నుంచి రాగానే కాలే చక్రాల మీద ప్రెషర్ పైపు పెట్టేవాళ్లూ కాస్త ఆగండి.

రంధ్రాల డిస్కులా? మన రోడ్లకు అవి షోకే. ఒక పక్కదే మార్చడం వద్దు.

నేను ముందు రెండు డిస్కులూ, ప్యాడ్లూ కొత్తవి వేయించాను. మర్నాడు తెల్లవారుజామున ములుగు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 60 నుంచి 20కి, పూర్తిగా ఆపకుండా, పదిసార్లు మెల్లగా బ్రేకు వేస్తూ ప్యాడ్లు కుదురుకోనిచ్చాను. పాత డిస్కులు తూకానికి వేస్తే చాయ్ డబ్బులొచ్చాయి.