గ్రనాడాలో హలాల్ హనీమూన్: చిత్తూరు, తిరుపతి జంటల కోసం ఒక రివ్యూ

యూరప్ హనీమూన్ అని అడిగితే మన తిరుపతి, చిత్తూరు ఏజెంట్లు ముందుగా స్విట్జర్లాండ్ ప్యాకేజీనే చూపిస్తారు. నమాజ్ తప్పకుండా, తిండిలో రాజీ పడకుండా ఇద్దరూ కలిసి నాలుగు రోజులు గడపాలనుకునే జంటకు స్పెయిన్‌లోని గ్రనాడా దానికంటే మంచి ఎంపిక. సముద్రమట్టానికి 738 మీటర్ల ఎత్తున, సియెర్రా నెవాడా కొండల పాదాన ఉన్న పాత ఊరు ఇది. 3,396 మీటర్ల వెలేటా శిఖరం మీద ఏప్రిల్‌లో కూడా మంచు కనిపిస్తుంది. 1492 జనవరి 2న లొంగిపోయేదాకా స్పెయిన్‌లో చివరి ముస్లిం రాజ్యానికి ఇదే రాజధాని. మా మార్కు ఐదుకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్క మార్కూ వంటింటి విషయంలోనే.

ముందు ఇక్కడి సుల్తానుల కొండకోట అల్‌హంబ్రా టికెట్ సంగతి, ఎందుకంటే ఎక్కువ ట్రిప్పులు ఇక్కడే పాడవుతాయి. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లలాగే ఇవీ సీజన్‌లో చాలా ముందుగానే ఆన్‌లైన్‌లో అయిపోతాయి. జనరల్ టికెట్‌లో అల్కజాబా కోట, నస్రిద్ మహళ్ళు (నస్రిద్ వంశపు సుల్తానులు ఉన్న మహళ్ళు), జెనెరలిఫే తోటలు మూడూ ఉంటాయి. నస్రిద్ మహళ్ళు లేకుండా కోట, తోటలు మాత్రమే చూపించే చవక టికెట్ ఇంకొకటి ఉంది. బయటి సైట్లు దాన్నే 'అల్‌హంబ్రా టికెట్' పేరుతో అమ్ముతుంటాయి. అది కొంటే అసలు చూడాల్సిందే మిగిలిపోతుంది. కాబట్టి డబ్బు కట్టేముందు టికెట్‌లో నస్రిద్ మహళ్ళ పేరు ఉందో లేదో చదవండి. ఇద్దరి పేర్లూ, నంబర్లూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఎక్కించండి. మన వైపు చాలామంది ఆడవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు ఉన్న పేరునే రెండు గడుల్లోకి విడగొట్టి రాయాలి తప్ప కొత్తగా భర్త పేరు చేర్చకూడదు. లోపల ఒకటికి రెండుసార్లు పాస్‌పోర్ట్ అడుగుతారు, హోటల్లో వదిలి వెళ్ళొద్దు.

నస్రిద్ మహళ్ళకు టికెట్ మీద టైమ్ వేసి ఉంటుంది. ఆ టైమ్ నుంచి అరగంట దాటితే లోపలికి పంపరు. పెద్ద గేటు దగ్గరికి ఆ టైముకి చేరితే సరిపోతుందనుకోవడం పొరపాటు, అక్కడినుంచి మహళ్ళకు పదిహేను, ఇరవై నిమిషాల నడక ఉంది. టికెట్ ఫోన్‌లో ఉంటే సిటీ బస్ సీ30 ఎక్కి, 1348లో కట్టిన న్యాయద్వారం దగ్గర దిగి అటునుంచే వెళ్ళడం దగ్గర. ఆ ద్వారం కమాను మీద చెక్కిన చెయ్యి ఉంటుంది, తలెత్తి చూడండి.

జంటలకు మా గట్టి సిఫార్సు రాత్రి సందర్శన. దీనికి టికెట్ వేరుగా కొనాలి. ఏప్రిల్ నుంచి అక్టోబరు మధ్య దాకా మంగళవారం నుంచి శనివారం వరకు రాత్రి పదింటికి, చలికాలంలో శుక్ర, శనివారాల్లో ఎనిమిదింటికి మొదలవుతుంది. పగటికంటే జనం పలచగా ఉంటారు. గోడల మీద నడుము ఎత్తున రంగు పలకలు, వాటిపైన సున్నపు చెక్కడంలో 'అల్లాహ్ తప్ప విజేత లేడు' అనే నస్రిద్ సుల్తానుల వాక్యం అరబీలో మళ్ళీమళ్ళీ వస్తుంది. మదరసాలో ఖురాన్ చదువుకున్నవాళ్ళు కాస్త నిలబడి చూస్తే ఆ అక్షరాలు కూడబలుక్కుని చదువుకోగలరు. దీపాలు పక్కనుంచి పడటంవల్ల పగలు చదునుగా కనిపించిన చెక్కడం రాత్రి లోతుగా తేలుతుంది. పన్నెండు సింహాల ఫౌంటెన్ దగ్గర గైడు గుంపును ముందుకు పోనిచ్చి, మీరిద్దరూ వెనకగా నడవండి.

ఇక తిండి. ఊరి చరిత్ర చూసి వంటిల్లు కూడా హలాల్ అనుకోకూడదు. గ్రనాడాలో డ్రింక్ చెబితే దానితోపాటు 'తపా' అని చిన్న ప్లేటు ఉచితంగా వస్తుంది. అందులో ఏముండాలో వంటవాడి ఇష్టం, చాలాసార్లు అది పంది మాంసమే. ఈ ఉచిత ప్లేటు ఆశ పెట్టుకోవద్దు. 'హమోన్' అనే ఎండబెట్టిన పంది తొడ ముక్కలను అక్కడ చాలామంది మాంసం లెక్కలోనే వేయరు. అందుకే 'మాంసం వద్దు' అని చెప్పినా చిక్కుడు గింజల కూరలో, సూప్‌లో, సలాడ్‌లో అది కనిపిస్తుంది. పేరు పెట్టి చెప్పాలి: 'సిన్ సెర్దో, సిన్ హమోన్, సిన్ మంతేకా, సిన్ ఆల్కోల్'. వరసగా పంది మాంసం, హమోన్, పంది కొవ్వు, మద్యం వద్దని. మంతేకా ముఖ్యం, ఎందుకంటే మంతెకాదో, పొల్వొరోన్ లాంటి బిస్కెట్లలో సాధారణంగా ఆ కొవ్వే వేస్తారు. చెరకు పాకం పోసే వంకాయ వేపుడు ఇక్కడి ప్రత్యేకత, రుచిగా ఉంటుంది. కానీ అదే నూనెలో పంది ముక్కలు కూడా వేయిస్తారా అని అడిగి తినండి. 'సిన్ ఆల్కోల్' బీరులో 1 శాతం లోపు ఆల్కహాల్ ఉండొచ్చు. దాని జోలికి పోకుండా నిమ్మరసం, పుదీనా టీ తాగండి.

కల్దెరెరియా నువేవా వీధి, ఎల్విరా వీధి చుట్టుపక్కల మొరాకో, సిరియా హోటళ్ళూ టీ కొట్లూ ఉన్నాయి. చాలాచోట్ల హలాల్ బోర్డు ఉంటుంది. బోర్డు ఉన్నా పక్క బల్ల మీద వైన్ పోసే చోట్లు కొన్ని ఉన్నాయి, అది ఇబ్బందైతే కూర్చునేముందే చూసుకోండి. కోళ్ళు, మేకలు ఎక్కడివని అడిగితే చెప్పగలిగే కొట్టునే ఎంచుకోవడం మంచిది. స్పెయిన్‌లో హలాల్ సర్టిఫికెట్ ఇచ్చే ప్రధాన సంస్థ కోర్దోబాలోని ఇన్స్టిట్యూటో హలాల్, గోడ మీద ఆ కాగితం ఉందేమో చూడండి. ఇంకో చిక్కు: సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా చాలా వంటిళ్ళు మూసి ఉంటాయి. మన అలవాటు ప్రకారం ఏడింటికి ఆకలేస్తుంది కాబట్టి గదిలో ఖర్జూరం, పండ్లు, బ్రెడ్ ఉంచుకోండి.

నమాజ్ టైములు మనవాళ్ళను తికమక పెడతాయి. జూన్‌లో మగ్రిబ్ రాత్రి తొమ్మిదిన్నర దాటాక, ఇషా పదకొండు దాటాక వస్తాయి. రాత్రి పదింటి అల్‌హంబ్రా స్లాట్ తీసుకుంటే మగ్రిబ్ ముగించుకుని కొండెక్కే ఏర్పాటు ముందే చేసుకోవాలి. మనకి ఖిబ్లా పడమర, అక్కడ తూర్పుకి కొంచెం దక్షిణంగా. అలవాటు కొద్దీ పొరపాటు జరగకుండా మొదటి రోజే గదిలో దిక్కు చూసి పెట్టుకోండి. అల్బయిసిన్ పేటలో సాన్ నికోలాస్ చౌక్ పక్కనే 2003లో తెరిచిన మసీదు ఉంది. జుమ్మాకి అక్కడికే వెళ్ళండి. దాని తోటలోంచి ఎదురుగా అల్‌హంబ్రా కనిపిస్తుంది, పక్కనున్న చౌక్‌లో గిటార్ల గోల, జేబుదొంగల భయం రెండూ ఎక్కువ.

గది అల్బయిసిన్‌లోని 'కార్మెన్' ఇళ్ళలో తీసుకుంటే పర్దాకి బాగుంటుంది. ఎత్తైన గోడ, లోపల తోట, బయటివాళ్ళకి కనపడదు. బుక్ చేసేటప్పుడు 'కామా దె మత్రిమోనియో' (డబుల్ మంచం) అని రాయండి, లేకపోతే రెండు సింగిల్ మంచాలు కలిపి వేసిన గది దొరకొచ్చు. అక్కడి వీధులు గులకరాళ్ళు పరిచిన నిట్టనిలువు మెట్లు. చక్రాల పెట్టె లాగడం కష్టం, టాక్సీ చాలా గుమ్మాల దాకా రాదు. పెద్ద పెట్టె వద్దు, వీపు సంచి చాలు. బాత్రూంలో హ్యాండ్ షవర్ ఉంటుందని అనుకోకుండా ఒక చెంబు పెట్టుకోండి.

అరబ్ హమ్మామ్‌లను హనీమూన్ జంటల కోసమని బాగా ప్రచారం చేస్తారు. అక్కడ మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఒకే తొట్లలో, ఈత దుస్తుల్లో దిగాలి. పర్దా పాటించేవాళ్ళకి కుదరదు, ఇద్దరికే ప్రత్యేకంగా గది ఇస్తామని రాసిచ్చిన చోటైతేనే ఆలోచించండి. 11వ శతాబ్దపు బన్యుయేలో హమ్మామ్‌ని చూసి రావచ్చు, నక్షత్రాల ఆకారంలో కప్పు రంధ్రాలు అందులో ఉన్నాయి.

స్పెయిన్‌కి కావాల్సిన షెంజెన్ వీసా ఫీజు 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచే దరఖాస్తు పెట్టొచ్చు. మూడు నెలల ముందు పెట్టి, వీసా చేతికి రాగానే అల్‌హంబ్రా టికెట్ కొనండి. తిరుపతి, చిత్తూరు వాళ్ళకి చెన్నై విమానాశ్రయం, పలమనేరు, మదనపల్లె వాళ్ళకి బెంగళూరు దగ్గర. గల్ఫ్ మీదుగా మాడ్రిడ్ చేరి, అక్కడినుంచి హైస్పీడ్ రైలులో మూడున్నర గంటల్లోపు గ్రనాడా. ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు మంచివి. జులై, ఆగస్టుల్లో ఎండ మన రేణిగుంట ఎండలాగే ఉంటుంది, ఈస్టర్ వారంలో గదుల ధరలు బాగా పెరుగుతాయి. సముద్రతీరంలోని మలగా ఊరి నుంచి ఒక్క రోజులో గ్రనాడా చూపించి తెచ్చే ప్యాకేజీలో రాత్రి సందర్శన కుదరదు, కాబట్టి ఏజెంటు అది చూపిస్తే కనీసం మూడు రాత్రులు గ్రనాడాలోనే బస అడగండి.